ఒక రక్తపు చుక్క – మన కర్తవ్యం

గత విద్యా సంవత్సరం మధ్యలో మా తరగతిలో ఒక స్థానం ఖాళీ అయినది. కుందూ ఒడ్డున ఉన్న ఒక పల్లె నుండి ప్రతిదినం బస్సులో వచ్చే మా మిత్రుడు మొదట జ్వరమన్నాడు. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుండి నెత్తురు వస్తున్నదన్నాడు. కాళ్లపై సూదిమొనలంత ఎర్రని చుక్కలు చూపించినాడు. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నవారిలో మేమూ ఉన్నాము. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్నదని ఎవరో అంటే మందుల దుకాణంలో విటమిను మాత్రలు కొని వేసుకున్నాడు. మూడు వారాలు అట్లా గడచిన తరువాత రక్తపరీక్ష జరిగినది. ఆ కాగితం చూచిన డాక్టరుగారు ఆ క్షణమే పెద్ద ఆసుపత్రికి బయలుదేరమన్నారు. అక్కడ చేరిన రెండవ రాత్రి మెదడులో రక్తస్రావమై అతడు కన్ను మూసినాడు.

అతనికి వచ్చినది రక్త క్యాన్సర్. అందులోనూ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే ఒక ప్రత్యేక రకం. ఒకప్పుడు రోజులలో ప్రాణం తీసే ఈ రకమే నేడు లుకేమియాలన్నింటిలో మిక్కిలి నయమయ్యే వాటిలో ఒకటి అనీ, దానికి ప్రధానమైన మందు విటమిను 'ఎ' నుండి పుట్టిన ఒక ఆమ్లమనీ తరువాత వైద్యులు అతని తండ్రికి చెప్పినారట. ఈ మాట మమ్మల్ని చాలాకాలం నిద్రపోనీయలేదు. మూడు వారాలు అతని జేబులో ఉన్నవి విటమిను మాత్రలే. అతనిని బ్రతికించగలిగి ఉండిన మందూ విటమిను సంతతిదే. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరం ఎంత? దానిని దాటించగలిగినది ఏది? ఈ ప్రశ్నలకు మేము చదివి తెలుసుకున్న సమాధానాన్ని తోటి విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాస ఉద్దేశం.

మన ఎముకల లోపలి మూలుగలో ప్రతిదినం వేల కోట్ల రక్తకణాలు పుడుతూ ఉంటాయి. పుట్టిన కణం వెంటనే పనికి రాదు. అది మెట్టు మెట్టుగా ఎదగాలి. తెల్లకణమైతే క్రిములను పట్టి మ్రింగే శక్తిని సంపాదించాలి. ఈ ఎదుగుదలనే శాస్త్రజ్ఞులు కణవిభేదనం అంటారు. ఇందులో ఒక నియమం ఉన్నది. పరిణతి పెరిగిన కొద్దీ కణానికి విభజన పొందే శక్తి తగ్గుతుంది. పూర్తిగా ఎదిగిన కణం తన పని తాను చేసి, కొద్దికాలానికి రాలిపోతుంది. లుకేమియాలో జరిగేది ఈ నియమం తప్పడమే. కణం ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. పని నేర్వదు, రాలిపోదు, విభజన మాత్రం మానదు. అట్టి కణాలు మూలుగనంతా ఆక్రమించినప్పుడు ఎర్రకణాలకు, ప్లేట్‌లెట్లకు చోటు ఉండదు. అందువలననే పాలిపోవడం, జ్వరం, నెత్తురు కారడం. జర్మనీ దేశపు వైద్యుడు విర్షో ఈ వ్యాధికి లుకేమియా అని పేరు పెట్టినది 1847లో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మన కోయిలకుంట్లలో ఉరితీసిన సంవత్సరమూ అదే. ఆనాటి నుండి నూరేండ్లపాటు ఈ వ్యాధికి పేరు ఉన్నదే గాని నిలిచే మందు లేదు.

ఆ నూరేండ్ల నిరాశను తొలిసారి కదిలించిన పరిశోధనలో ఒక తెలుగువాని హస్తం ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురియైనారు. ఫలితంగా పూర్తి పట్టాకు బదులు తక్కువ స్థాయి పట్టాతో బయటపడవలసి వచ్చినది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించినారు. ఆ దుఃఖాన్ని మూటగట్టుకుని అమెరికా చేరిన ఆయన హార్వర్డులోను, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసినారు. స్ప్రూ వ్యాధిలో లోపించే పోషకాలలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. అదొక 'బి' విటమిను. 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలోని గర్భిణీ స్త్రీల రక్తహీనతపై ప్రకటించిన పరిశోధనతో దాని జాడ తెలిసినది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఆ పేరు పెట్టినారు. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని బృందం దానిని ప్రయోగశాలలో తయారు చేసినది.

ఇక్కడ జరిగిన సంగతి మన చర్చకు మిక్కిలి ముఖ్యమైనది. బోస్టన్ నగరంలోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలను లుకేమియా రోగులకు ఇచ్చి చూచినాడు. వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు కనబడినది. విటమిను ఎదగని కణాలకూ ఎరువైనదన్నమాట. అట్లయితే ఆ విటమినును అడ్డుకుంటే? ఈ ఆలోచనకు ఆయుధాన్ని అందించినది సుబ్బారావుగారి బృందమే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానాన్ని ఆక్రమించి, దాని పనిని చేయనీయని అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని వారు తయారు చేసి పంపినారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో పదహారుమంది పిల్లలలో పదిమందికి గుణం కనిపించినది. అది తాత్కాలికమే. అయినా అంతకు ముందు అదీ లేదు. అదే కుదురులోని మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో నిలిచి ఉన్నది. ఆ ఫలితాలు వెలువడిన రెండు మాసాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు మరణించినారు.

ఆయన చూపినది ఆకలితో మాడ్చి కణాన్ని చంపే మార్గం. ఈ మార్గంలో మంచి కణాలూ కొంత దెబ్బ తింటాయి. చంపకుండా కణాన్ని ఎదగనిచ్చే మార్గం మరొకటి లేదా? దీనికి సమాధానం వేరొక విటమిను దగ్గర దొరికినది.

విటమిను 'ఎ' మనకు కొత్తది కాదు. అది లోపిస్తే వచ్చే జబ్బును తెలుగు ఇళ్లలో రేచీకటి అన్నారు, ఉర్దూ ఇళ్లలో రతౌంధీ అన్నారు. దానికి మేక కార్జం పెట్టాలని పెద్దలు చెప్పేవారు. బక్రీదునాడు మొదట వండుకునే కలేజీలో సమృద్ధిగా నిల్వ ఉండేది ఈ విటమినే. మునగాకులో, తోటకూరలో దాని పూర్వరూపం ఉన్నది. 1913లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించినారు. 1925లో వోల్బాక్, హౌ అనే ఇద్దరు ఈ విటమిను లేని ఆహారం పెట్టిన ఎలుకలను పరిశీలించి, వాటి శ్వాసనాళపు లోపలి పొరలోని మెత్తని కణాలు తమ స్వభావం కోల్పోయి చర్మంలా గట్టిపడినవని చూపినారు. అంటే ఈ విటమిను కంటికి చూపునిచ్చేది మాత్రమే కాదు, ఏ కణం ఏ విధంగా ఎదగాలో నిర్ణయించేది కూడా. శరీరంలో ఈ విటమిను మార్పు చెంది రెటినోయిక్ ఆమ్లమవుతుంది. కణం లోపలి గ్రాహకానికి అంటుకుని, జన్యువులను మేలుకొలిపే పని ఈ ఆమ్లానిదే.

1977లో అమెరికాలో ఒక లుకేమియా రోగి రక్తం నుండి తీసిన కణాలను గాజుపాత్రలో శాశ్వతంగా పెంచే పద్ధతి సాధించినారు. వాటికి హెచ్ ఎల్ 60 అని పేరు. 1980లో బ్రైట్‌మన్, ఆయన సహచరులు ఆ కణాలకు అత్యల్ప మాత్రలో రెటినోయిక్ ఆమ్లం కలిపినారు. కొద్దిరోజులలోనే నూటికి తొంభై వంతు కణాలు పరిణతి చెందినవి. వాటి పెరుగుదల మందగించి ఆగినది. కణం నిజంగా ఎదిగినదా అని తెలుసుకునేందుకు ఒక లేత పసుపు రంగు ద్రవ్యాన్ని వాడుతారు. క్రిములను చంపే శక్తి వచ్చిన కణంలో అది నీలి నలుపుగా మారుతుంది. ఎదగని కణంలో మారదు. ఆ నీలిమను సూక్ష్మదర్శినిలో చూచినవారి ఆనందాన్ని సైన్సు విద్యార్థులమైన మేము ఊహించుకోగలము. మరుసటి సంవత్సరమే జపాను శాస్త్రజ్ఞులు విటమిను 'డి' నుండి వచ్చే చురుకైన పదార్థం కూడా ఎలుకల లుకేమియా కణాలను ఎదిగించగలదని చూపినారు. అయితే లుకేమియా రోగుల విషయంలో విటమిను 'డి'కి అటువంటి విజయం లభించలేదు. తగినంత మాత్ర ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. పాత్రలో జరిగినదంతా మనిషిలో జరగదనడానికి ఇదే నిదర్శనం.

విటమిను 'ఎ' విషయంలో మాత్రం జరిగినది. 1985లో చైనాలోని షాంఘై నగరంలో డాక్టర్ వాంగ్ జెన్ యీ సలహాపై, ప్రోమైలోసైటిక్ లుకేమియాతో మరణానికి చేరువైన ఐదేండ్ల బాలికకు ఈ ఆమ్లపు మాత్రలు ఇచ్చినారు. ఆమె కోలుకున్నది. 1988లో ఆ వైద్య బృందం 24 మంది రోగుల ఫలితాలు ప్రకటించినప్పుడు, అందరిలోనూ వ్యాధి అణగినదనీ, దాదాపు అందరికీ ఈ ఒక్క మందే చాలినదనీ లోకానికి తెలిసినది. కారణం తరువాత బయటపడినది. ఈ రకపు లుకేమియాలో పదిహేనవ, పదిహేడవ క్రోమోజోముల ముక్కలు స్థానాలు మార్చుకుంటాయని అమెరికా శాస్త్రవేత్త జానెట్ రౌలీ 1977లోనే గుర్తించినారు. సరిగ్గా ఆ తెగినచోటనే రెటినోయిక్ ఆమ్లపు గ్రాహకానికి సంబంధించిన జన్యువు ఉన్నది. అది మరొక జన్యువుతో అతుక్కుని, ఎదుగుదల ద్వారానికి తాళం వేస్తుంది. శరీరంలో సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లం ఆ తాళాన్ని తీయలేదు. మందుగా ఎక్కువ మాత్రలో ఇచ్చినప్పుడు అది తెరచుకుంటుంది.

ఈ ఒక్క మందుతో తగ్గిన వ్యాధి కొన్ని నెలలకు తిరగబెట్టేది. అందువలన దానికి తోడుగా ఇతర మందులు చేరినవి. వాటిలో ఒకటి మన పెద్దలు పాషాణమనీ సంఖియా అనీ పిలిచిన విషం నుండి శుద్ధి చేసిన ఆర్సెనిక్. మన రాయలసీమవాసులు కష్టం వచ్చినప్పుడు పరుగెత్తే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే 1998 నుండి 2004 వరకు 72 మంది రోగులకు ఆర్సెనిక్‌ను ప్రధానంగా వాడి చూచినారు. నూటికి 86 మందిలో వ్యాధి అణగినది. 2013లో ఇటలీ, జర్మనీ వైద్యులు ఈ రెండు మందులను కలిపి ఇచ్చి, తెల్లకణాలు మరీ పెరగని రోగులలో రెండేండ్ల తరువాత నూటికి 97 మంది వ్యాధి మళ్లీ రాకుండా, ప్రాణహాని లేకుండా ఉన్నారని ప్రకటించినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెటినోయిక్ ఆమ్లాన్ని 2015లోను, ఆర్సెనిక్‌ను 2019లోను అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చినది.

ఇంత సాధించిన తరువాత కూడా ఈ వ్యాధితో ఎందుకు మరణిస్తున్నారు? ఈ ఎదగని కణాలలోని రేణువుల నుండి వెలువడే పదార్థాలు రక్తం గడ్డకట్టే ఏర్పాటును చెడగొడతాయి. మెదడులోనో ఊపిరితిత్తులలోనో రక్తస్రావమై, చికిత్స మొదలుకాక మునుపో మొదలైన తొలి దినాలలోనో ప్రాణం పోతుంది. తొలి వారాలు గట్టెక్కిన వారిలో అత్యధికులు పూర్తిగా కోలుకుంటున్నారు. అంటే ఇక్కడ జయాపజయాలను నిర్ణయించేది మందు కంటే ముందు కాలం. అనుమానం కలిగిన నాడే మందు మొదలుపెట్టాలని వైద్యులు చెబుతున్నది ఇందుకే. ఆ అనుమానానికి మూలం గాజుపలకపై పరచిన ఒక్క రక్తపు చుక్క. దానిని సూక్ష్మదర్శిని కింద చూచే కన్ను.

మా మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే. మా మిత్రుని విటమిను మాత్రకు, అతనికి అందని ఆ మందుకు నడుమ ఉన్న దూరాన్ని దాటించగలిగినది సకాలంలో జరిగే రక్తపరీక్ష. కొన్ని వందల రూపాయల ఖర్చు. ఆ మాత్రలు అతనికి హాని చేసి ఉండవు. అవి తెచ్చిన ధీమా హాని చేసినది.

విటమిను అనగానే బలమనుకునే అలవాటు మన ప్రాంతంలో బలంగా ఉన్నది. దీనికి కొంత న్యాయమూ లేకపోలేదు. ఈ నేలపై కరువుకాలంలో పోషకాహార లోపం నిజమైన శత్రువు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞుల కృషి వలననే, 1970 నుండి దేశంలో చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి విటమిను 'ఎ' ఇచ్చే కార్యక్రమం మొదలైనది. గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. ఆ మేలును మేము తక్కువ చేయడం లేదు. అయితే లోపాన్ని పూరించడం వేరు, వ్యాధిని నయం చేయడం వేరు. విటమిను 'ఎ' మాత్రలు ఎన్ని మ్రింగినా లుకేమియాకు మందు కాదు. ఎక్కువైతే కాలేయానికి చేటు, గర్భస్థ శిశువుకు మరింత చేటు. రెటినోయిక్ ఆమ్లం కూడా ఈ ఒక్క రకపు లుకేమియాకే ప్రత్యేకించి పనిచేస్తుంది. అదీ ఆసుపత్రిలో, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే. ఎదుగుతున్న కణాలు ఒక్కసారిగా విజృంభించి ఊపిరాడనీయని స్థితి కొందరిలో ఏర్పడుతుంది. పాషాణం సంగతి వేరే చెప్పనక్కరలేదు. శుద్ధి చేసి కొలిచి ఇచ్చే మందు వేరు, సంతలో పొట్లం కట్టి ఇచ్చే భస్మం వేరు.

"డిగ్రీ కళాశాలకు ఈ వైద్య విషయాలతో ఏమి పని?" అని కొందరు పెద్దలు అడుగవచ్చును. మా సమాధానం ఇది. కోయిలకుంట్ల చుట్టుప్రక్కల పల్లెలలో ఒక ఇంట్లో జబ్బు చేస్తే, ఆసుపత్రి కాగితం చదివిపెట్టమని మొదట పిలిచేది కళాశాలకు వెళ్లే పిల్లవానినో పిల్లనో. ఆ కాగితంలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంత ఉండాలో వానికి తెలియకపోతే మన చదువు ఆ ఇంటికి ఏ మేలు చేసినట్లు? ఇది మమ్మల్ని మేము అడుగుకుంటున్న ప్రశ్న. ఆనాడు మజ్జిగ తాగమన్న మాకూ రక్తకణాల పాఠం పరీక్షలో వచ్చినది. మంచి మార్కులే వచ్చినవి.

కాబట్టి కమిటీవారికి మా మనవి నాలుగు అంశాలు. మొదటిది, జీవశాస్త్ర ప్రయోగశాలలో మంచి సూక్ష్మదర్శినులను, రక్తపు పూతకు రంగు వేసే ద్రవ్యాలను సమకూర్చవలెను. కళాశాలలో రోగనిర్ణయం చేయాలని మా ఉద్దేశం కాదు. అది వైద్యుల పని. కాని ఆరోగ్యవంతుని రక్తపు పూతను తన కంటితో చూచిన విద్యార్థి ఆ పరీక్ష విలువను జీవితాంతం మరువడు. రెండవది, విద్యార్థుల రక్తవర్గాల పట్టికను తయారు చేసి ఉంచవలెను. ఇట్టి రోగికి తొలి దినాలలో మందుతో సమానంగా కావలసినది ప్లేట్‌లెట్లు ఇచ్చే దాతలు. మూడవది, ఏటా ఒకసారి వైద్యుని పిలిపించి ఉపన్యాసం ఏర్పాటు చేసి, దాని సారాంశాన్ని తెలుగులోను ఉర్దూలోను అచ్చువేసి పల్లెలకు పంపవలెను. ఈ రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు కింద చదివే మన కళాశాలకు ఇది సహజంగా సాధ్యమయ్యే పని. నాల్గవది, ఆసక్తి గల విద్యార్థులను ప్రయోగశాల సాంకేతిక శిక్షణకు ప్రోత్సహించవలెను. మన ఊళ్లకు పెద్ద డాక్టర్లు రాకపోవచ్చును. రక్తపు పూతను చక్కగా చదువగల ఒక మనిషి మన మధ్య నుండే తయారు కావచ్చును.

తోటి విద్యార్థులకు మేము చెప్పేది ఇంతే. దెబ్బ తగలకుండానే చర్మంపై ఎర్రని చుక్కలు, నీలి మచ్చలు కనబడినా, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని నెత్తురు ఆగకుండా వచ్చినా, మనిషి పాలిపోతూ జ్వరం విడువకపోయినా, ఆ దినమే వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించాలి. భయపడవద్దు. ఎక్కువమందిలో అది డెంగీయో మరొక జ్వరమో కావచ్చును. ఆ తేడా చెప్పేది మన ఊహ కాదు, పరీక్షే. ఆరోగ్యమే మహాభాగ్యమని తెలుగువారన్నా, తందురుస్తీ హజార్ నేమత్ హై అని ఉర్దూవారన్నా, ఆ భాగ్యం చేజారుతున్నప్పుడు గుర్తించే చదువు లేకపోతే సామెతలు మనలను కాపాడవు.

మా మిత్రుడు కూర్చున్న బల్లపై ఈ సంవత్సరం క్రొత్తగా చేరిన మరొక విద్యార్థి కూర్చుంటున్నాడు. అతడూ పల్లె నుండి బస్సులోనే వస్తాడు. అతనికి గాని, అతని ఇంట్లోవారికి గాని అటువంటి చుక్కలు కనిపించిన నాడు "వేడి చేసింది" అనే మాట మన కళాశాలలో ఎవ్వరి నోటా రాకూడదని మా కోరిక. కమిటీవారు మా మనవిని వచ్చే విద్యా సంవత్సరారంభానికి ముందే పరిశీలిస్తారని ఆశిస్తున్నాము.